కాటా దగ్గర పడిపోయే ముల్లు

ఆ కాటా దగ్గర బండి ఆపొద్దని చెప్పని డ్రైవరు లేడు.

ఊరి దీపాలు ఎక్కడ అయిపోతాయో సరిగ్గా అక్కడుంటుందది. లారీలు తూచే పాత కాటా. రోడ్డు వారన నేలకి పరిచిన పెద్ద ఇనప పలక, దాని పక్కన ఒంటి గది, గది కిటికీలో పళ్ళెమంత డయలు, ఆ డయల్లో ఒక ముల్లు. కాటా మూతపడి ఎన్నాళ్ళయిందో చెప్పేవాళ్ళు కూడా మిగల్లేదు. గదికి తలుపు లేదు, పైకప్పు సగమే ఉంది. డయలు అద్దం మాత్రం ఇంతవరకు పగల్లేదు. రాళ్ళు రువ్వే పిల్లలు కూడా దాని మీదకి రువ్వరు.

ఎందుకంటే, ఆ ముల్లు కదుల్తుందంట.

పలక మీద ఏమీ లేకపోయినా... కదుల్తుందంట. ముందు పలక దబ్బుమంటుంది, ఎవరో ఎక్కినట్టు. తర్వాత ముల్లు కాస్త లేచి నిలబడుతుంది. మళ్ళీ దబ్బుమంటే దిగిపోయినట్టు. దీపాలు పెట్టే వేళ దాటాక అటు పోయినవాళ్ళు చెప్పిన మాట.

అందుకే అక్కడ ఎవరూ నెమ్మది చెయ్యరు. పైనుంచి దిగే లారీలైతే మలుపులో హారను కూడా కొట్టకుండా, ఊపిరి బిగబట్టి దూసుకుపోతాయి. అసలు దెయ్యం ఎవరిని మింగిందో తెలీదు గానీ, దెయ్యానికి భయపడి పరిగెత్తిన లారీలు మాత్రం కొందర్ని మింగాయి.

వాళ్ళలో ఒకడు పాత కార్ల మెకానిక్కు. ఈ కథ అతని పెళ్ళాంది.

ఆమెని అందరూ సీట్లావిడ అనేవాళ్ళు. మొగుడు ఇంజన్లు చూసేవాడు. ఈవిడ అదే షెడ్డులో ఓ మూల మిషను వేసుకుని కార్లకి సీట్లు కుట్టేది, లోపలంతా గుడ్డ వేసేది. ఆమె చెయ్యి పడిందంటే ఆ బండిలో వేలెడంత ఒట్టి ఇనుము కనపడకూడదు. అదామె పంతం. "ఇనుము కనపడ్డ కారు, లుంగీ జారిన మనిషి – రెండూ ఒకటే" అనేది.

నోరు కూడా సూది లాంటిదే. గుచ్చితే గాని కుట్టు పడదనుకునే రకం.

ఆమె మామగారి నాటి పాత కారొకటి షెడ్డులో ఉండేది. నల్లది, గుండ్రటి కళ్ళది. మొగుడు దాన్ని ఏళ్ళ తరబడి బాగు చేసుకున్నాడు. చివరికి నడిచింది. నడిచిన వారానికే అతను దాంతోనే పోయాడు.

ఎలా పోయాడన్నదే ఎవరికీ అంతుపట్టలేదు.

ఓ సాయంత్రం కారు తీసుకుపోయాడు. చీకటి పడ్డాక కాటా ముందు దొరికింది కారు. ఇంజను నడుస్తూనే ఉంది. బానెట్టు మూసే ఉంది. లైట్లు ఆర్పేసి ఉన్నాయి. రోడ్డు వైపు తలుపు ఊడి ఎక్కడో పడింది. దాని పక్కన అతను. మలుపు కోసుకుంటూ వచ్చిన లారీవాడికి చీకట్లో నల్ల కారూ కనపడలేదు, అందులోంచి దిగుతున్న మనిషీ కనపడలేదు.

చెడిపోయి ఆగిందనుకుందామంటే ఇంజను నడుస్తోంది. మరి లైట్లార్పేసి, ఆ దిక్కుమాలిన గది ముందు కూచుని ఏం చేస్తున్నట్టు?

"ఇంకేం చేస్తాడు... ఆ గదిలో ఎవతో ఉండుంటుంది" అన్నారు వీధిలోవాళ్ళు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె టాక్సీ నడుపుతుంది, గొంతు హారను లాంటిది. శవం ఇంట్లో ఉండగానే అందరి ముందూ అనేసింది.

"మా అన్నకి ఇంటికి రాబుద్ధి కాలేదు. నీ నోటికి జడిసి చీకట్లో కూచున్నాడు వదినా. చీకటే నీకన్నా నయమనిపించింది."

సీట్లావిడ శవం మీది గుడ్డ సర్దింది. కాదనడానికి లేదు మరి. అతను పోయిన రోజు మధ్యాహ్నమే మొగుడితో గొడవైంది. ముందురోజు రాత్రి కారు తీసుకెళ్ళి వచ్చిన దగ్గర్నించీ అతను ధ్యాసలో లేడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు. ఒళ్ళు మండి ఈవిడే అంది – "నీ కారుతోనే కాపరం చెయ్యి. రాత్రికి రాకపోయినా నాకేం నష్టం లేదు."

రాలేదు.

ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా ఆమె మొగుడి మీద కోపంతోనే బతికింది. ఏడిస్తే కోపం పలచబడుతుందేమోనని ఏడవను కూడా లేదు. అతని చొక్కాలు చింపి మిషను తుడుచుకునే గుడ్డలు చేసింది.

కారులో సగం ఆడపడుచుది. తండ్రి కారు కదా. "అన్నని మింగిన బండి. పాత ఇనుము కొట్టువాడికి ఇచ్చేద్దాం" అని ఆమె పట్టు పట్టింది. ఇచ్చేముందు ఎవరైనా కొంటారేమో చూద్దామని పక్క షెడ్డులో లేతు మిషను నడిపే మేస్త్రిని ఒకసారి నడిపి చూడమన్నారు. తలుపు అతికించి, సాయంత్రం తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయిలు ముల్లు పడిపోతోంది" అన్నాడు.

పాత కార్లలో అన్నిటికన్నా ముందు చూసుకునే ముల్లు అది. ఇంజనుకి నూనె ఎంత ఒత్తిడిగా అందుతోందో చెప్తుంది. ముల్లు నిలబడితే ఇంజను ఒంట్లో నెత్తురు తిరుగుతున్నట్టు. సున్నాకి పడిందంటే అక్కడికక్కడ ఆపెయ్యాలి, లేకపోతే ఇనుము ఇనుముని కొరుక్కుని చస్తుంది.

"పంపు పోయిందేమో" అంది ఆడపడుచు.

"తీసుకెళ్ళే ముందే పంపు ఇప్పి చూశాను, కొత్త అల్లుడిలా ఉంది. షెడ్డులో ఎంతసేపు నడిపినా ముల్లు నిటారుగా నిలబడుతుంది. ఊళ్ళో తిప్పినా నిలబడుతుంది. సరిగ్గా కాటా దగ్గరకెళ్ళేసరికి... ఎవరో వేలుపెట్టి నొక్కినట్టు... సున్నా." గొంతు తగ్గించాడు. "నేనింక ఆ కారు ముట్టుకోను. మీ ఆయన కూడా ఆ రోజు ఇదే గోల."

సీట్లావిడ మిషను ఆపింది.

"ఏం గోల?"

మేస్త్రి నాలిక్కరుచుకున్నాడు. "అదే... నూనె ఒత్తిడి చూసే నా గొట్టం మీటరు అడిగాడు. ఆ సాయంత్రమే."

"ఇచ్చావా?"

"నాతో మాటలు మానేసి ఎన్నాళ్ళయిందో అప్పటికి. మీటరు కావాల్సొచ్చేసరికి నేను గుర్తొచ్చానా అని పంపేశాను."

"ఏడాది నుంచి ఈ మాట కడుపులో పెట్టుకున్నావా?"

"చెప్తే నాకేం వచ్చేది? నువ్వు నాకు సీటు కుట్టి పెట్టేదానివా?"

ఆమె లేచి వెళ్ళి అతని షెడ్డులో గోడకి వేలాడుతున్న గొట్టం మీటరు తీసుకుంది. అడగలేదు. అతను ఆపలేదు.

"మళ్ళీ తెచ్చివ్వు" అన్నాడు వెనకనించి.

"బతికొస్తే ఇస్తాను. చస్తే నువ్వే వచ్చి తెచ్చుకో, కాటా దగ్గరుంటుంది."

డాష్‌బోర్డులో ఉన్న పాత మీటరు కరెంటుతో నడిచేది. తీగ ఏం చెప్తే అది చూపిస్తుంది, చాడీలు నమ్మే అత్తలాగా. గొట్టం మీటరు అలా కాదు. దానికి తీగా లేదు, కరెంటూ లేదు. ఇంజనులోంచి సన్నటి రాగి గొట్టంలో నూనే నేరుగా వచ్చి ముల్లుని నెడుతుంది. అది అబద్ధమాడాలంటే నూనే అబద్ధమాడాలి.

మర్నాడు సాయంత్రం గొట్టం బిగించింది ఆడపడుచే. కారు నడిపేది కూడా ఆమే, సీట్లావిడకి నడపడం రాదు. రేపు పొద్దున ఇనుము కొట్టువాడొస్తాడు, ఈలోగా ఒక్కసారి కాటా దాకా వెళ్ళొద్దామంటే ఆడపడుచు ముందు ఒప్పుకోలేదు.

"ఏం, భయమా?" అంది సీట్లావిడ.

"నీతో ఒక్క కారులో కూచోవడం భయం."

"నేను కరవను. ఆకలి కూడా లేదు."

"ఏం తెలుసుకుందామని వదినా? నేనన్నది అబద్ధమనా?"

"నిజమైతే నిజమనే తెలుస్తుంది. రేపు కారు ముక్కలైపోతే, అదీ తెలీకుండా నీ మాట కింద పడి బతకాలి నేను. పద."

ఇద్దరూ బయల్దేరేసరికి మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. పాత మీటరు ఎదురుగా ఉంది. గొట్టం మీటరు దాని పక్కన దారంతో వేలాడుతోంది. రెండు ముళ్ళూ తోడికోడళ్ళలా పక్కపక్కన నిలబడున్నాయి, ఒకదాన్నొకటి చూసుకోకుండా.

వీధి దీపాలు ఒక్కొక్కటీ వెనక్కిపోయాయి. చివరి దీపం దాటింది.

ఆడపడుచు డాష్‌బోర్డు కిందున్న నల్ల బొత్తాం లాగింది. ముందు లైట్లు వెలిగాయి, అవీ ముసలివాళ్ళ కళ్ళలా మసక మసగ్గా.

ఆ మసకలో కాటా కనపడింది. తలుపు లేని గది... కిటికీలో డయలు... దాని అద్దం మీద వీళ్ళ లైటే పడి, లోపలెవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు...

"వదినా" అంది ఆడపడుచు, పెదాలు కదలకుండా. "పడిపోయింది."

పాత మీటరు ముల్లు సున్నా మీద చచ్చి పడుంది.

సీట్లావిడ దాన్ని చూళ్ళేదు. పక్కనున్న గొట్టం మీటరు చూస్తోంది.

"ఇది పడలేదు."

"ఏంటి?"

"ఇది నిలబడే ఉంది. ఆపు కారు."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఇంజను ఆపకు."

కారు రోడ్డు వారన ఆగింది. ఇంజను గురకపెడుతోంది. సీట్లావిడ పక్కనించి చెయ్యి చాపి నల్ల బొత్తాం లోపలికి నొక్కింది. లైట్లు ఆరిపోయాయి. చీకటి ఒక్కసారిగా మీదకొచ్చి కూచుంది.

టార్చి వేసి చూశారు. పాత ముల్లు... మెల్లగా... లేచి నిలబడింది.

బొత్తాం లాగింది. లైట్లు వెలిగాయి. ముల్లు పడింది.

నొక్కింది. లేచింది.

ఇంకోసారి లాగింది, ఇంకోసారి నొక్కింది.

"లైటుకీ దీనికీ ఏదో లంకె" అంది ఆడపడుచు గొణుగుతూ. "ఊళ్ళో వీధి దీపాలుంటాయి, లైట్లు వెయ్యం. షెడ్డులో వెయ్యం. ఎవడొచ్చినా సరిగ్గా ఇక్కడే వేస్తాడు..." ఆగింది. టాక్సీ నడిపే మనిషి, ముక్క ముక్కా అతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. "అయితే దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు."

"మీ అన్న లైట్లార్పి ఏం చేస్తున్నాడో తెలిసిందా?"

ఆడపడుచు బొత్తాం వైపే చూస్తోంది.

"ఇదే చేస్తున్నాడు" అంది సీట్లావిడ. "ఇప్పుడు మనం చేస్తున్నదే. లైటు ఆర్పుతూ, వేస్తూ, ముల్లు చూస్తూ కూచున్నాడు. గదిలో ఎవతీ లేదు. నా నోటికి జడిసీ కాదు. ముల్లు ఎందుకు పడుతోందో అర్థమై, సరిచేద్దామని దిగాడు."

"అయుండొచ్చు."

"అయుండొచ్చు కాదు. అవునను."

"...అవును." ఆ మాట ఆడపడుచు గొంతులోంచి మేకు పీకినట్టు వచ్చింది. "అయినా నువ్వేం గొప్పదానివైపోలేదు."

"గొప్పదాన్నని ఎవరన్నారు? ఎక్కడుంది ఆ లంకె? చూసే పోదాం."

"ఎర్తు తీగ అయ్యుంటుంది. దీంట్లో లైట్లకీ మీటర్లకీ కలిపి ఒకటే తీగ. అది కారు ఇనుముకి గట్టిగా తగిలుండాలి. లేకపోతే లైటు మసగ్గా వెలుగుతుంది, ముల్లు పడుతుంది. అసలా తీగ ఊడితే లైట్లే వెలగవు." ఆడపడుచు ఇంజను ఆపేసింది. "డ్రైవరు కాళ్ళ దగ్గర, డాష్‌బోర్డు అడుగున ఉంటుంది. నేను పట్టను అక్కడ. నువ్వు దూరు, దూరడం నీకలవాటే కదా."

ఆడపడుచు దిగి అటుపక్కకెళ్ళి కిటికీలోంచి టార్చి పట్టింది. సీట్లావిడ స్టీరింగు కిందకి వెల్లకిలా దూరింది. తల లోపల, కాళ్ళు రోడ్డు వైపు తలుపులోంచి బయటికి.

ఇంజను ఆగాక తెలిసింది, అక్కడ కీచురాయి కూడా అరవదని.

స్క్రూ దొరికింది. తీగ దొరికింది. స్క్రూ విప్పి తీగ పట్టుకు లాగింది... దాని వెనక ఇనుము లేదు.

మెత్తగా ఏదో తగిలింది వేలికి.

"టార్చి ఇంకాస్త ఇటు."

గోధుమ రంగు ఉన్ని గుడ్డ. అంచు లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి, ఎక్కడా వేలెడంత ఇనుము కనపడకుండా అతికించి ఉంది. తీగకీ ఇనుముకీ మధ్య అడ్డంగా. స్క్రూ ఆ గుడ్డ మీదే బిగించేశారు.

ఆ కుట్టు ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. కారు బయటికి తియ్యడానికి ముందురోజు, స్క్రూలన్నీ విప్పి, లోపలంతా గుడ్డ వేసి, మళ్ళీ బిగించింది ఆమే. మొగుడికి చెప్పకుండా. చూసి మురుస్తాడని.

టార్చి వెలుగు కదల్లేదు. ఆడపడుచు కూడా చూసింది.

కిటికీలోంచి, గుసగుసగా –

"నీ వల్లే పోయాడని ఊరికే అనలేదు నేను."

సీట్లావిడ బొడ్లోంచి కుట్లు విప్పే బ్లేడు తీసింది. ఎడమ పిడికిట్లో తీగ, కుడిచేత్తో బ్లేడు. తన కుట్టు తనే తెగ్గోసింది. గుడ్డ గీకడం మొదలుపెట్టింది. దుమ్ము కళ్ళలో పడింది. తుడుచుకోలేదు.

"టార్చి సరిగ్గా పట్టు" అంది. "తిట్టేదేదో ఇంటికెళ్ళి తిట్టు."

అప్పుడు –

దబ్.

టార్చి ఉలిక్కిపడింది.

"ఏంటది వదినా?"

"పలక."

"గాలికా?"

"లారీలు మోసే పలకని గాలి కదుపుతుందా?"

వెలుగు ఆమె మీంచి జరిగి, కాటా గది వైపు తిరిగింది. ఆగింది.

"వదినా... కాటా ముల్లు... లేచుంది."

"టార్చి ఇటు పట్టమన్నానా."

"ఒట్టు. సున్నా మీద లేదు. ఎవరో... ఎక్కి నిలబడ్డట్టు..."

సీట్లావిడ జవాబు చెప్పబోయింది. నోరు తెరిచింది అంతే.

లైట్లు వెలిగాయి.

మసగ్గా కాదు. తెల్లగా, కళ్ళు పొడిచేలాగా. ఎదుటి మలుపు, చెట్లు, రోడ్డు మీద ప్రతి గులకరాయీ... ఏళ్ళుగా ఆ కారు అంత వెలుగు చూసుండదు. ఆ వెలుగులో, మలుపు కోసుకుంటూ, ఇంజను చప్పుడు కూడా లేకుండా జారుకుంటూ, కొండంత లారీ.

బ్రేకు కీచుమంది. లారీ ముక్కు అటు విరిగింది. అతికించిన తలుపుని గాలి విసిరికొట్టింది. చక్రాలు ఆమె చెప్పుని రాసుకుంటూ పోయాయి... చెప్పునే. కాలుని కాదు.

లారీ ఆగలేదు. అక్కడ ఏ లారీ ఆగదు.

లైట్లు ఆరిపోయాయి.

ఆడపడుచు కిటికీలోంచి లోపలికి వంగింది. "నీకు బుద్ధుందా... కాళ్ళు రోడ్డు మీదకి చాపి..." ఏడుస్తోంది. "లైటు వెయ్యాలని తట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే నిన్ను కూడా..."

"నేను వెయ్యలేదు. నువ్వేగా?"

"నేనెలా వేస్తాను? ఈ పక్కనున్నాను. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో తలుపు పట్టుకునున్నాను."

సీట్లావిడ కుడిచెయ్యి పైకి పెట్టి తడిమింది. నల్ల బొత్తాం పూర్తిగా బయటికి లాగి ఉంది. ఎవరో గట్టిగా, గాభరాగా లాగినట్టు, కొసదాకా.

"సరే, ఏదో తగిలుంటుంది" అంది ఆడపడుచు. "నీ తలే తగిలుంటుంది. తీగ బిగించెయ్, పోదాం."

బిగించెయ్.

సీట్లావిడ ఎడమ పిడికిలి వంక చూసింది. గోళ్ళు అరచేతిలో దిగబడేంత గట్టిగా మూసుకుని ఉందది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. టార్చి వెలుగు దాని మీద పడింది.

ఎర్తు తీగ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దేనికీ తగలకుండా.

అది ఊడితే లైట్లు వెలగవని చెప్పింది ఆడపడుచే.

సీట్లావిడ అలాగే పడుకుని, గది వైపు తల తిప్పి, ఏడాది నుంచి దాచుకున్న కోపమంతా కలిపి, గొంతు పెంచకుండా అడిగింది.

"ఆ రోజు నీకు నువ్వు వేసుకోలేకపోయావా?"

కాసేపటికి... దబ్.

కిటికీలో కాటా ముల్లు, మెల్లగా, సున్నాకి దిగింది.